మైళ్ల మీద ఆక్లాండ్, వయా మిర్యాలగూడ

కోదాడలో ఎరువుల దుకాణం నడుపుకునేదాన్ని నేను. పొద్దంతా యూరియా బస్తాల మధ్య కూర్చునే మనిషి, విమానంలో బిజినెస్ క్లాసులో కాళ్లు బారజాపుకుని పడుకుని న్యూజిలాండ్ దాకా వెళ్లొచ్చిందంటే మా బజారులో సగంమంది ఇప్పటికీ నమ్మరు. నమ్మిన సగంమంది నాకు లాటరీ తగిలిందనుకుంటున్నారు. రెండూ కాదు. దుకాణానికి సరుకు తెప్పించినప్పుడల్లా కంపెనీలకు క్రెడిట్ కార్డుతో కట్టాను. కట్టినప్పుడల్లా పాయింట్లు పడ్డాయి. వాటితో మిక్సీలూ సూట్‌కేసులూ తీసుకోకుండా ఏళ్ల తరబడి దాచి, ఒక విమాన కంపెనీ డబ్బుకు బదులు తీసుకునే మైళ్లుగా మార్చుకున్నాను. అంతే సంగతి.

మైళ్లు ఉన్నంత మాత్రాన సీటు వస్తుందనుకోకండి. మైళ్లకిచ్చే సీట్లు ఆ కంపెనీ వాళ్లు విమానానికి ఒకటో రెండో వదులుతారు, అదీ వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్‌లో ఆ సీట్లు వెతకడం నాకు అలవాటైపోయింది. పాలు పొంగి పొయ్యి పాలైన రోజులు చాలానే ఉన్నాయి. చివరికి ఒకరోజు దుకాణంలో ఒక రైతు కాండం తొలిచే పురుగు గురించి చెబుతుండగా రెండు సీట్లు కనబడ్డాయి. "ఒక్క నిమిషం ఆగన్నా, పురుగు ఎటూ పోదు" అని ఆయన్ని నిలబెట్టే టికెట్లు తీసేశాను.

ఆ సీట్లు అసలు మా వదిన కోసం. మా అన్న భార్య సుజాత వదిన. సూర్యాపేటలో ఉంటుంది, రోజూ పెన్‌పహాడ్ వెళ్లి హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతుంది. మూడేళ్ల కింద వెన్నుపూసకు ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఎక్కువసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. హైదరాబాద్ వెళ్లి వస్తే రెండు రోజులు నిటారుగా నిలబడలేదు. అలాంటి మనిషికి ఒక కోరిక ఉంది. భూగోళానికి అవతలి సగంలో మధ్యాహ్నం పూట సూర్యుడు ఉత్తరం వైపు కిందికి వాలి ఉంటాడని, నీడలు దక్షిణానికి పొడుగ్గా పడతాయని ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీసి చెబుతుంది. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు చూసిన్రా?" అని అడుగుతుంది. "లేదు, పుస్తకంల ఉన్నది" అని చెప్పి చెప్పి ఆమెకు సిగ్గేసింది. దాన్ని ఒక్కసారి కళ్లతో చూడాలి. కూర్చుని అంత దూరం వెళ్లడం ఆమె వల్ల కాదు. పడుకుని వెళ్లాలంటే బిజినెస్ క్లాసే. దాన్ని డబ్బు పెట్టి కొనే తాహతు మా రెండిళ్లకూ లేదు. నా మైళ్లే దిక్కు. విమానం తప్పితే ఆ మైళ్లు కూడా పోతాయి. మళ్లీ అన్ని పోగయ్యేసరికి వదిన రిటైరైపోతుంది.

మరి అన్న ఎందుకు వెళ్లలేదంటారా? అన్నకు నిచ్చెన ఎక్కాలన్నా భయమే. "నాకు నేల మీదనే బాగున్నది, మీరు పోయి రాండ్రి" అని నన్ను వదినకు తోడిచ్చాడు.

సూర్యాపేట: తాళం వెనక ఫోన్

అన్నకు విమానమంటే ఎంత భయమో పంచాంగమంటే అంత నమ్మకం. మా విమానం శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక. అంటే ఇంటి నుంచి శుక్రవారం బయలుదేరాలి. శుక్రవారం పడమరకు శూల, ఆ దిక్కుకు ప్రయాణం మంచిది కాదట. హైదరాబాద్ మాకు సరిగ్గా పడమరే. దీనికి పెద్దవాళ్లు ఒక ఉపాయం పెట్టారు. మనం వెంట తీసుకుపోయే వస్తువును ముందే ఒక మంచి గడియలో పొరుగింట్లో పెట్టి వస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దీన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. అన్న బుధవారం ఒక ఎర్రసంచిలో బియ్యం, పసుపుకొమ్ము, వక్క వేసి పక్కింటి సరోజనక్క ఇంట్లో పెట్టి వచ్చాడు. ఎవరైనా ఒక చీరో తువ్వాలో పెడతారు. మా అన్న ప్రస్థానం గట్టిగా ఉండాలని మా ఇద్దరి పాస్‌పోర్టులూ అందులో పెట్టాడు.

ఈ సంగతి మాకు శుక్రవారం పొద్దున తెలిసింది. నేను ముందురోజే కోదాడ నుంచి వచ్చి సూర్యాపేటలో ఉన్నాను. దారిలో ఆగి ఆగి, వదినను పడుకోబెట్టుకుంటూ వెళ్లాలని పొద్దున్నే బయలుదేరుతున్నాం. సంచి తెస్తానని అన్న పక్కింటికి వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు.

"పద్మా, తాళమున్నది."

"ఫోన్ చెయ్యి అన్నా."

చేశాడు. తాళం వేసిన తలుపు వెనక నుంచి సరోజనక్క ఫోన్ భక్తిపాటతో మోగింది. మేం ముగ్గురం ఆ పాట ఆఖరు దాకా విన్నాం.

ఎదురింటి ఆమె గేటు దగ్గరికి వచ్చింది. "సరోజన నిన్ననే కోదాడ పాయె గద. సెల్లె బిడ్డకు ఓణీల ఫంక్షను. ఇయ్యాల సాయంత్రానికి వస్త అన్నది. మీ ప్రయాణం రేపంట గద?"

టికెట్ మీద శనివారం తేదీ ఉంది కాబట్టి అన్న సరోజనక్కకు శనివారమనే చెప్పాడు. వదిన అన్న వైపు చూసింది. తరగతిలో చివరి బెంచీ ఎందుకంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడర్థమైంది.

"ఎర్రసంచి ఇంట్లనే ఉన్నదా?" అని అడిగాను.

"లేదు, భుజానికేస్కొని పోయింది. అండ్ల మీ పాసుపోట్లున్నయంట, ఇంట్ల పెట్టి తాళమేస్తె దొంగల భయం అన్నది."

ఆమెను తిట్టడానికి నోరు రాలేదు. మా వస్తువును తన నగలకన్నా భద్రంగా చూసుకుంది మరి. పడమరకు పోవాల్సిన మేం కారు తూర్పుకు తిప్పాం. వదిన వెనక సీట్లో పడుకుంది. ఊరు దాటాక అన్న మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఒకందుకు మంచిదే అయింది. శుక్రవారం తూర్పుకు శూల లేదు. మనం తూర్పుకే బయలెల్లినం గద."

"మీరు రోడ్డు చూసి నడుపుండ్రి" అంది వదిన వెనక నుంచి.

కోదాడ: వెళ్లొచ్చావా అప్పుడే

ముందురోజు సాయంత్రం మా బజారు దుకాణాల వాళ్లంతా చాయ్ తాగించి, చెయ్యి ఊపి నన్ను న్యూజిలాండ్‌కు సాగనంపారు. తెల్లారి అదే బజారులో కారు దిగాను. మా పక్క కిరాణా ఆయన త్రాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏంటండీ పద్మగారూ, అప్పుడే వెళ్లొచ్చేశారా?"

"మర్చిపోయినవి కొన్ని ఉంటే వచ్చాం" అని తప్పించుకున్నాను. అబద్ధం కాదు కదా.

ఫంక్షన్ జరిగిన ఇంటి ముందు షామియానా విప్పుతున్నారు. కుర్చీలు ఆటో ట్రాలీకి ఎక్కుతున్నాయి. సరోజనక్క చెల్లెలు కొంగు దోపుకుని బయటికి వచ్చింది. "అయ్యో, అక్క పొద్దున్నే మిర్యాలగూడ వెళ్లిందండీ. వాళ్ల ఆడపడుచు ఇంటికి. సంచి కూడా పట్టుకెళ్లింది. దాన్ని చంటిపిల్లలా మోస్తుంటే నవ్వుకున్నాం" అంది. ఆడపడుచు నంబరుకు ఫోన్ చేసి నాకిచ్చింది.

"మీ ప్రయాణం రేపు గద పద్మా!" సరోజనక్క అవతలి నుంచి దాదాపు అరిచింది. "సంచి ఏడికి పోలె. దేవుని గూట్ల పెట్టిన. రాండ్రి, జల్ది రాండ్రి."

హమ్మయ్య అనుకున్నాను. మిర్యాలగూడ నుంచి నల్లగొండ మీదుగా హైదరాబాద్ పోవచ్చు. వెనక్కి తిరగాల్సిన పని లేదు. చెల్లెలు మాత్రం ఊరికే పంపలేదు. ఫంక్షన్‌లో మిగిలిన బూందీ లడ్డూలు, కారప్పూస ఒక కవరు నిండా కట్టి కారులో పెట్టింది.

నేరేడుచర్ల: మొదటి మంచం

హుజూర్‌నగర్ దాటాక వరి ట్రాక్టర్లు మొదలయ్యాయి. యాసంగి ధాన్యం మిల్లులకు చేరే రోజులవి. ట్రాక్టర్లను తప్పించుకుంటూ అన్న కారును గుంతల్లో దింపి లేపుతున్నాడు. నేరేడుచర్ల దగ్గర వెనక సీట్లోంచి ఒక్క మాట వినబడింది.

"ఆపుండ్రి."

వదిన ముఖం తెల్లగా పాలిపోయింది. ఒక రైస్ మిల్లు గేటు ముందు ఆపాం. అక్కడ ధాన్యం ఊడుస్తున్న ఒకామె చీపురు పడేసి వచ్చింది. పక్క తండా నుంచి పనికి వస్తుందట, పేరు మంగమ్మ. ఏమీ అడక్కుండానే కాంటా గది వెనక నుంచి నవారు మంచం ఈడ్చుకొచ్చి షెడ్డు నీడలో వేసింది. వదినను ఇద్దరం పట్టుకుని పడుకోబెట్టాం.

కాసేపయ్యాక వదిన కళ్లు తెరవకుండానే అంది, "పద్మా, నేను రాను. ఇంటికి పోదాం."

"వదినె, సంచి దొరికింది గద."

"సంచి దొరికింది. నడుము లేదు. అక్కడికి పోయి రూములో పడుకొని వస్తే ఏం లాభం? నీ మైళ్లు నువ్వు, తమ్ముడు వాడుకోండ్రి."

తమ్ముడంటే మా ఆయన. ఆయన విమానమెక్కి ఎక్కడికి పోతాడు, గోడౌన్‌కా? పైగా ఈ విమానం తప్పితే ఆ మైళ్లే మిగలవు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆమె మీద కాదు, ఆ గుంతల మీద. అన్న దూరంగా నిలబడి పంచాంగాన్ని తిట్టుకుంటున్నట్టున్నాడు.

మంగమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "యాడికి పోతున్నరమ్మా?" అంది.

"న్యూజిలాండ్" అన్నాను. "చానా దూరం. విమానంల పండుకొని పోవాలె."

"విమానంల మంచాలుంటయా?"

"ఉంటయి. మెత్తగ, దుప్పటి గిట ఇస్తరు."

మంగమ్మ వదిన వైపు, మంచం వైపు చూసింది. "మరి పరేషాన్ ఎందుకమ్మా? గీడ మంచం, గాడ మంచం. నడుమ జరంత రోడ్డే గద."

వదిన కళ్లు తెరిచింది. నడుము నొప్పితోనే నవ్వింది. కారులో ముందు సీటు మడిచి, మిల్లు వాళ్లిచ్చిన ఖాళీ గోనెసంచులు పరిచి, ఆమెను మళ్లీ పడుకోబెట్టాం. మంగమ్మకు లడ్డూలిస్తే రెండు తీసుకుని, "మంచానికి కిరాయి ముట్టింది" అంది.

మిర్యాలగూడ: పాస్‌పోర్టులకు బొట్లు

ఆడపడుచు ఇంట్లో దేవుని గూట్లో దీపం వెలుగుతోంది. దాని ముందు ఎర్రసంచి. సంచి మీద మల్లెలు. మేం వచ్చేలోపే పాస్‌పోర్టులు బయటికి తీసి, రెండింటి అట్టల మీదా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది సరోజనక్క. "అంత దూరం పోయేటియి గద, నిండుగ ఉండాలెనని" అంది. మమ్మల్ని చూడగానే ఏడ్చింది. తప్పు నాదంటే నాదని ఆమె, అన్న కాసేపు పోటీ పడ్డారు. అన్నే గెలిచాడు.

నేను సంచి అందుకోబోతే ఆమె వెనక్కి తీసుకుంది. "అన్నం తిన్నంకనే ఇస్త. ఆకలి మీద పంపితే నాకు పాపం."

మామిడికాయ పప్పు, పచ్చిపులుసు, వేయించిన మిరపకాయలు. వదిన గోడకానుకుని నిలబడే తింది. తర్వాత ఎన్ని రకాల భోజనాలు తిన్నా, ఈ ప్రయాణం మొత్తంలో నాకు ఎక్కువ గుర్తున్నది ఆ పచ్చిపులుసే.

గాలిలో: మజ్జిగ

రాత్రికి టైముకే హైదరాబాద్ చేరాం. విమానం ఎక్కగానే ఒక అమ్మాయి పొడుగాటి గ్లాసులో షాంపేన్ తెచ్చింది. వదిన మజ్జిగ ఉందా అని అడిగింది. ఆ అమ్మాయి పాపం లోపలికెళ్లి పెరుగు కప్పు, నీళ్ల సీసా, ఉప్పు పొట్లం ట్రేలో పెట్టుకుని వచ్చి, ఎలా చేయాలో చెప్పమంది. వదిన పాఠం చెప్పినట్టే చెప్పింది. చెంచాతో గిలక్కొట్టిన ఆ మజ్జిగను అమ్మాయి కూడా రుచి చూసి, తల ఊపింది.

సీటు మీద బటన్లు ఒకటి కాదు. పడుకుందామని నేనొకటి నొక్కితే కాళ్లు లేచాయి. ఇంకొకటి నొక్కితే వీపు కింద ఏదో గుద్దింది. మూడోది నొక్కితే పక్కనున్న వదినకూ నాకూ మధ్య తెర లేచి ఆమె మాయమైంది. చివరికి ఆ అమ్మాయే వచ్చి రెండు సీట్లనూ చాప పరిచినట్టు చదును చేసి, పరుపు, దుప్పటి వేసింది. మా ఊరి బస్సులో ముగ్గురు కూర్చునే చోట ఒక్క మనిషి పడుకోవడం చూస్తే నాకు కొంచెం తప్పు చేస్తున్నట్టే అనిపించింది. ఆ అనిపించడం దిండు మీద తల పెట్టేదాకే.

సింగపూర్‌లో మారి, రెండో విమానంలోనూ పడుకున్నాం. ఆక్లాండ్ దగ్గరపడ్డాక తెర దించి చూశాను. వదిన సీట్ల మధ్య నడవాలో నిలబడి ఉంది. ఏమీ పట్టుకోలేదు. నిటారుగా ఉంది.

"నొస్తున్నదా వదినె?"

"అదే చూస్తున్న" అంది. "యాడుందో దొరుకుతలేదు."

ఆక్లాండ్: ఉత్తరం చూసే ఇల్లు

న్యూజిలాండ్ వాళ్లు బయటి నుంచి ఒక్క గింజను కూడా ఊరికే రానివ్వరు. తినే వస్తువులున్నాయా అని విమానంలోనే ఫారం ఇచ్చి అడుగుతారు. వదిన టీచరు కదా, ప్రశ్నను రెండుసార్లు చదివి, ఉన్నాయనే రాసింది. దాంతో విమానాశ్రయంలో ఒక ఆఫీసరు ఎర్రసంచి విప్పించాడు. పసుపుకొమ్ము ఎత్తి, ఇది దేనికని అడిగాడు. ప్రయాణం క్షేమంగా జరగడానికని వదిన చెప్పింది. క్షేమంగానే వచ్చారు కాబట్టి దీని పని అయిపోయిందని నవ్వి, పసుపునూ వక్కనూ బియ్యాన్నీ చెత్తడబ్బాలో వేశాడు. దాచి ఉంటే జరిమానా పడేదట. పాస్‌పోర్టు మీది కుంకుమ అతని వేలికి అంటింది. తుడుచుకోకుండానే మా ఫారాల మీద ముద్ర కొట్టి పంపాడు.

మేం గది తీసుకున్న ఇల్లు హెలెన్ అనే ఒంటరి ముసలామెది. వాకిలి ఏ దిక్కో చూడటం నా అలవాటు. ఇల్లంతా ఉత్తరం వైపు అద్దాలే. ఇక్కడ ఉత్తరం చూసే ఇంటికి ధర ఎక్కువని, చలికాలం ఎండంతా అటునుంచే వస్తుందని హెలెన్ చెప్పింది. అది విని వదిన ముఖం వెలిగింది. వీడియో కాల్‌లో అన్నకు చెబితే, "ఉత్తరం కుబేరుని స్థానం. ఆళ్లకు తెల్వకుండనే వాస్తు పాటిస్తున్నరు" అని సంతోషపడ్డాడు.

ఎండ మాత్రం లేదు. మేం దిగిన రోజు నుంచీ వాన. అక్కడ మే నెలాఖరంటే చలి మొదలయ్యే కాలం. మాకు ఉండటానికి నాలుగు రోజులే ఉంది. మూడు రోజులు ఆకాశం సున్నం వేసిన గోడలా ఉంది. వదిన మధ్యాహ్నం అయ్యేసరికి గొడుగు పట్టుకుని హెలెన్ పెరట్లోకి వెళ్లి, ఉత్తరం వైపు చూసి, తడిసి తిరిగొచ్చేది. నేను ఆమెను కాఫీ కొట్టుకు తీసుకుపోయేదాన్ని. ఒక కప్పు ఆరు డాలర్లు, మన లెక్కలో మూడొందలు. మొదటిరోజు అది తాగలేక తాగాను. మూడోరోజు లెక్క వేయడం మానేశాను.

ఆ వీధిలో నాకు నచ్చింది ఇంకోటి. ఒక ఇంటి గేటు ముందు బల్ల మీద ఫిజోవా అనే ఆకుపచ్చ పండ్లు సంచుల్లో పెట్టి ఉన్నాయి. మనిషి లేడు. సంచి మూడు డాలర్లని అట్టముక్క మీద రాసి, పక్కన డబ్బులు వేయడానికి ఒక డబ్బా. మా దుకాణం ముందు అలా పెడితే డబ్బాతో పాటు బల్ల కూడా పోతుందని నేనన్నాను.

"మన సంచిని సరోజన ఏం చేసింది మరి?" అంది వదిన.

మూడు డాలర్లు డబ్బాలో వేసి ఒక సంచి తీసుకున్నాను. ఆ పండు జామపండూ అనాసా కలిపి తిన్నట్టుంది.

నాలుగోరోజు సాయంత్రం మా తిరుగు విమానం. పొద్దున కూడా వానే. సూట్‌కేసులు సర్దుతూ వదిన, "ఇంత దూరం వచ్చినం, ఇల్లు చూసినం, పండ్లు తిన్నం. చాలు" అంది, నన్ను ఓదార్చడానికి. ఏళ్ల తరబడి పోగేసిన మైళ్లతో ఆమెకు వాన చూపించి తీసుకుపోతున్నానని ఏడ్వాలనిపించింది.

అప్పుడు హెలెన్ వంటగదిలోంచి పిలిచింది. నేల మీద ఎండ పడి ఉంది. కిటికీ దగ్గర నుంచి వంటగది ఆ చివరి గోడ దాకా.

వదిన గొడుగు పట్టుకుని చెప్పుల్లేకుండానే పెరట్లోకి పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం నేను మూడేళ్ల తర్వాత చూశాను. సూర్యుడు ఉత్తరాన, ఎదురింటి కప్పుకు కాస్త పైన, మన దగ్గర సాయంత్రం పూట ఉన్నంత కింద ఉన్నాడు. గడియారంలో మధ్యాహ్నం. వదిన తడి గడ్డిలో గొడుగును గుచ్చింది. దాని నీడ గొడుగు కన్నా పొడుగ్గా దక్షిణానికి పడింది. పక్కన ఆమె నీడ కూడా, ఆమె కన్నా పొడుగ్గా.

"పద్మా, చూసినవా? నేను గీసిన బొమ్మనే!" అంది. అంతే, ఇక కదల్లేదు. ఫోటో తీద్దామని కూడా ఇద్దరికీ తోచలేదు. హెలెన్ కుర్చీ తెచ్చి పెడితే వద్దంది. ఎండ ఉన్నంతసేపూ ఆ తడి గడ్డిలో అలాగే నిలబడింది.

పెన్‌పహాడ్: వేలంత నీడ

బడి తెరిచాక వదినను దింపడానికి నేనూ వెళ్లాను, చాక్లెట్ల డబ్బా మోసే నెపంతో. మధ్యాహ్నం బెల్లుకు ముందు ఆమె పిల్లలందర్నీ మైదానంలోకి తీసుకొచ్చి, మూరెడు కర్ర ఒకటి నేలలో పాతింది. జూన్ కదా, సూర్యుడు నడినెత్తికి కాస్తంత ఉత్తరంగా ఉన్నాడు. కర్ర నీడ వేలంత కూడా లేదు. ఆ నీడ ఏ దిక్కుకు పడిందో చూడమంది. దక్షిణమన్నారు.

"న్యూజిలాండ్‌ల కూడ దక్షిణానికే పడ్తది. కని గాడ గిది కర్ర కన్న పొడుగుంటది. ఎందుకుంటది?"

ముందు వరుసలోని ఒక పిల్ల చెయ్యెత్తింది. జవాబు చెప్పడానికి కాదు.

"టీచర్, మీరు చూసిన్రా?"

వదిన ఒక్క క్షణం నా వైపు చూసింది.

"చూసిన బిడ్డా" అంది. "గంటసేపు నిలవడి చూసిన."

నేను చాక్లెట్ల డబ్బా వైపు తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. గంటసేపు నిలబడటంలో గొప్పేముందో ఆ పిల్లలకు అర్థం కాలేదు. విమానంలో నిజంగానే మంచాలుంటాయా అని వెనక నుంచి ఇంకొక పిల్ల అడిగింది.